రాళ్లు నడిచొచ్చే తీరం

మా వినుకొండకు సముద్రం లేదు. కొండ ఉంది. కొండ మీద రామలింగేశ్వరుడున్నాడు. తొలి ఏకాదశికి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ కొండెక్కుతాయి. కింద నల్లరేగడి, అందులో పత్తి, మిరప. నీళ్లంటే మాకు సాగర్ కుడికాలవ, అది ఎప్పుడు వదులుతారన్న ఎదురుచూపు. ఉప్పునీళ్లు చూడాలంటే కార్తీకమాసంలో బండి మాట్లాడుకుని బాపట్ల దగ్గరి సూర్యలంక పోవాలి, నూరు కిలోమీటర్ల మాట. అక్కడ మెత్తటి ఇసక. మూడు మునకలు, తడిబట్టలు, దొప్పలో దీపం, పొట్లంలో పులిహోర, చీకటి పడేసరికి మళ్లీ ఇల్లు. సముద్రమంటే ఇసక ఒడ్డున ఉంటుందని, దాని దగ్గరికి పుణ్యానికి పోతారని, అంతవరకే మాకు తెలుసు.

అందుకే లండన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, ఒక ఫిబ్రవరి శనివారం బ్రైటన్ ఒడ్డున నిలబడ్డప్పుడు కళ్లకన్నా ముందు చెవులు ఆశ్చర్యపోయాయి. ఇసక లేదు. కనుచూపు మేరా గులకరాళ్లు: గోధుమరంగువి, నీలి బూడిదరంగువి, కోడిగుడ్డంతవి, అరచేతికి సరిపడేవి. కాలు వేస్తే దిగబడుతుంది, తీస్తే కదులుతుంది. అల వచ్చి పడే చప్పుడు ఏ సముద్రానికైనా ఉండేదే. వెనక్కి పోయేటప్పుడు వినాలి. వేలకు వేల రాళ్లను తనతో ఈడ్చుకుంటూ పోతుంది. చేటలో పెసలు చెరిగిన చప్పుడు, ఆ చేట మైళ్ల పొడవున ఉంటే. మేం నలుగురం, ఈస్ట్ హామ్‌లో ఒకే ఇంట్లో గదులు పంచుకున్నవాళ్లం, విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి గంటసేపు నోరు మూయనివాళ్లం, అక్కడ రాళ్ల మీద కూలబడి చాలాసేపు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అవి చెకుముకి రాళ్లు. అగ్గిపెట్టెలు రాకముందు మన ముత్తాతలు ఉక్కుముక్కతో కొట్టి నిప్పు పుట్టించుకున్న జాతి. అవి పుట్టింది మాత్రం సుద్దలో. ఆ ఊరి వెనకాల సౌత్ డౌన్స్ అని పచ్చటి గుట్టలున్నాయి. జానెడు మట్టి తీస్తే కింద అంతా తెల్లసుద్ద. డైనోసార్ల కాలంలో ఇక్కడొక వెచ్చటి సముద్రం ఉండేది. కంటికి ఆనని జీవుల పెంకులు కోట్ల ఏళ్లు దాని అడుగుకు రాలి పేరుకుంటే సుద్ద అయింది. అదే సముద్రంలో బతికిన స్పంజుల ఒంట్లోని సిలికా ఆ సుద్ద మధ్య గడ్డకట్టి చెకుముకి అయింది. ఇప్పటి సముద్రం ఆ పాత సముద్రాన్ని కొరుక్కు తింటోంది. కొండచరియ విరిగి పడితే సుద్ద నీళ్లలో కలిసిపోతుంది, చెకుముకి మిగులుతుంది. మిగిలి అక్కడే ఉంటుందా అంటే ఉండదు. గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. అల ఏటవాలుగా ఒడ్డెక్కి, తిన్నగా దిగుతుంది. ఎక్కి దిగిన ప్రతిసారీ రాయి ఓ పిసరు తూర్పుకు జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ తీరం మొత్తం పడమటి నుంచి తూర్పుకు నడుస్తూనే ఉంటుంది. ఊరు దాటి పోకుండా ఆపడానికి ఒడ్డు పొడుగునా సముద్రంలోకి అడ్డుగోడలు కట్టుకున్నారు. ఆ రాళ్లను జేబులో వేసుకోవడానికి లేదు, చట్టం ఒప్పుకోదు. మా కరీంనగర్ స్నేహితుడు నాలుగు ఏరి, ఆ సంగతి తెలిశాక నాలుగూ తిరిగి పెట్టేశాడు, ఎక్కడ తీసినవి అక్కడే పెట్టాలన్నట్టు వెతుక్కుని మరీ.

ఆ ఒడ్డున ఏ రాయీ ఆ ఊరిది కాదు. నాకు బ్రైటన్ మీద ప్రేమ పుట్టింది అక్కడే అనుకుంటాను. తర్వాత ఊరంతా తిరుగుతుంటే తెలిసింది, ఊరు కూడా అలా తయారైందేనని.

పద్దెనిమిదో శతాబ్దం సగానికి అదొక చితికిపోయిన చేపలవాళ్ల పల్లె. పక్కనున్న లూయిస్‌లో రిచర్డ్ రసెల్ అనే డాక్టరు, సముద్రంలో మునిగితే రోగాలు పోతాయని పుస్తకం రాశాడు. మునగడమే కాదు, ఆ నీళ్లు తాగమని కూడా చెప్పాడు. లండన్ డబ్బున్నవాళ్లు నమ్మారు, తాగారు, మునిగారు. మనవాళ్లు పుణ్యానికి మునిగితే వాళ్లు ఆరోగ్యానికి మునిగారు. పైగా మనం మూడు మునకలతో సరిపెట్టాం, వాళ్లు బండికి గుర్రం కట్టి, బండి లోపల బట్టలు మార్చుకుని, బండితో సహా నీళ్లలోకి పోయారు. 1783లో యువరాజు జార్జి వచ్చాడు. ఇరవయ్యొక్కేళ్ల వాడు, తండ్రికి దూరంగా, అప్పులకు దగ్గరగా బతికేవాడు. ఈ గాలి అతన్ని పట్టేసింది. మొదట ఒక మామూలు ఇల్లు. 1815 నుంచి ఏడెనిమిదేళ్లు జాన్ నాష్ చేత దాన్ని మార్పించుకుంటూ పోయాడు. అలా లేచిందే రాయల్ పెవిలియన్.

దాన్ని మొదట చూసినప్పుడు నవ్వొచ్చిందని ఒప్పుకుంటాను. ఉల్లిగడ్డ గుమ్మటాలు, మీనార్లు, జాలీలు! ఇంగ్లండు ముసురులో హిందుస్తానీ కోట! కట్టించుకున్న రాజూ, కట్టిన నాషూ ఇద్దరూ మన దేశపు మట్టి తొక్కినవాళ్లు కాదు. డానియెల్ అనే చిత్రకారులు, బాబాయీ అబ్బాయీ, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఏడేళ్లకు పైగా మన దేశమంతా తిరిగి బొమ్మలు గీసుకుపోయారు. ఆ బొమ్మలు చూసి కన్న కల ఇది. గుమ్మటాల లోపల ఇనప చట్రం. అప్పట్లో అది కొత్త హంగు. గుమ్మం దాటితే హిందుస్తాన్ మాయమై చైనా మొదలవుతుంది. టికెట్టు ధర చూసి మాలో ఇద్దరం లోపలికి పోయాం, ఇద్దరు తోటలో ఉండిపోయారు. విందు గది నడిమిన టన్ను బరువున్న దీపాల గుత్తి, దాన్ని పట్టుకుని వేలాడుతున్న వెండి రంగు డ్రాగన్. విక్టోరియా రాణికి ఈ హంగామా నచ్చలేదు. ఊరి జనం కిటికీల్లోంచి తొంగి చూడటం అసలే నచ్చలేదు. 1850లో ఆ ఊరివాళ్లకే అమ్మేసింది. రాజుగారి పిచ్చిని ఊరు చందాలేసుకున్నట్టు కొనుక్కుని, ఈనాటికీ ముద్దుగా చూసుకుంటోంది. దీనికి నేను బ్రైటన్‌కు దణ్ణం పెడతాను. వేరే ఊరైతే కూల్చి మేడలు కట్టుకునేది.

ఆ కలలోకి అసలు మనుషులు వచ్చిన కథ ఆ మందిరంలోనే ఒక గదిలో ఉంది. 1914 డిసెంబరులో ఫ్రాన్సు, బెల్జియం కందకాల్లో గాయపడ్డ మన సిపాయిలను ఈ ఊరికి తెచ్చారు. పెవిలియన్, పక్కనున్న గుర్రపుశాల గుమ్మటం, ఇంకా ఊళ్లోని ఒక బడి, నిరుపేదలను ఉంచే పెద్ద కట్టడం, అన్నీ ఆస్పత్రులయ్యాయి. 1916 మొదటికల్లా పన్నెండు వేల మంది దాకా అక్కడ వైద్యం చేయించుకున్నారు. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు, గఢ్వాలీలు కళ్లు తెరిచేసరికి పైన గుమ్మటం, దీపాల గుత్తి, రంగుల గోడలు. ఏ దేశంలో ఉన్నామని అనుకున్నారో! 1915 ఆగస్టులో ఆ తోటలోనే పఠాన్ జమాదార్ మీర్ దస్త్‌కు అయిదో జార్జి విక్టోరియా క్రాస్ తగిలించాడు.

ఆ ఆస్పత్రికి తొమ్మిది వంటశాలలు. కులానికి, మతానికి తగ్గట్టు వంట. హిందువులకు, ముస్లిములకు వేరువేరు మంచినీళ్ల కుళాయిలు. అంత యుద్ధం మధ్య అంత శ్రద్ధ చూపినందుకు మెచ్చుకోవాలనిపిస్తుంది. అందులో మన సిపాయిలు చేజారకూడదన్న సర్కారు లెక్క ఉంటే ఉండనీ. కానీ వినుకొండవాడిని, ఆ గదిలోని ఫొటోల ముందు నాకు వేరే మనిషి గుర్తుకొచ్చాడు. 1915లో కవి గుర్రం జాషువాకు పందొమ్మిదేళ్లు. పుట్టింది మా ఊళ్లోనే, పెరిగింది అంటరానితనం మధ్య. కుళాయి వేరు, కుండ వేరు, గ్లాసు వేరు అనే మాటలు అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పాతికేళ్ల తర్వాత, 1941లో, తన కావ్యంలో ఒక గబ్బిలం చేత శివుడికి కబురు పంపాడు. సముద్రాలు దాటించి తెచ్చి, రాజు పడగ్గది పక్కన పడుకోబెట్టినా మన కుళాయిల లెక్క మనతోనే వచ్చిందన్న సంగతి అతనికి తెలిసి ఉంటే ఆ గబ్బిలానికి ఇంకో నాలుగు పద్యాల పని పడేది.

బతికి బట్టకట్టినవాళ్లు వెళ్లిపోయారు. పోయినవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే ఊరి బయటికి, గుట్టల మీదికి పోవాలి. పాచమ్ దాకా బస్సు, అక్కణ్నుంచి నడక. దారి తెల్లటి సుద్ద బురద. మా మార్కాపురం స్నేహితుడి సంతోషం అక్కడ చూడాలి. తరాల తరబడి తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దుకున్న నల్లపలకల ఊరు వాడిది. బడిలో మనం సుద్దముక్క అని పిలిచేది ఈ రోజుల్లో ఎక్కువగా జిప్సంతో చేస్తారు, అసలు సుద్ద ఇదీ అని మాకు పాఠం చెప్పి, కాలి బూట్లకు పట్టిన తెలుపును చాలాసేపు తుడుచుకోలేదు.

వాళ్ల స్మారకం, ఛత్రి, కనపడింది. పచ్చిక వాలు మీద ఒంటరిగా, ఎనిమిది స్తంభాల మీద తెల్ల పాలరాతి గుమ్మటం. కింద మూడు పెద్ద గ్రానైటు పలకలు. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని అక్కడే కట్టెల మీద దహనం చేశారు. ముస్లిములను వోకింగ్ మసీదు దగ్గర్లో పూడ్చిపెట్టారు. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఛత్రిని ఆవిష్కరించాడు. బొంబాయి నుంచి వచ్చిన ఇ.సి. హెన్రిక్స్ అనే యువ వాస్తుశిల్పి గీసిన నమూనా అది. కింద ఊళ్లో పెవిలియన్ గుమ్మటాన్ని మన దేశం చూడని ఆంగ్లేయుడు కడితే, ఈ గుమ్మటాన్ని మన దేశపువాడు గీశాడు. రెంటికీ మధ్య నూరేళ్లు. 2010లో పక్కన రాతి పలక నిలబెట్టి యాభైముగ్గురి పేర్లూ చెక్కారు. వరసగా చదివాం, పైకే చదివాం. మావి కాని పేర్లు, మా నోట తిరగని ఊళ్ల మనుషులు. గాలికి మాట నిలవడం లేదు. ఎగువన గొర్రెలు మేస్తున్నాయి. దిగువన, ఊరికి అవతల, వెలుగు గీతలాగా సముద్రం. ఆ చితుల బూడిదను ఆ సముద్రంలోనే కలిపారట. పొద్దున మేం చప్పుడు విన్న నీళ్లు అవే.

తిరుగు బస్సులో మా నరసరావుపేట స్నేహితురాలు డబ్బా మూత తీసింది. పులిహోర. సూర్యలంక పోయినా బ్రైటన్ పోయినా తెలుగువాళ్ల సముద్రానికి ఆ వాసన తప్పదు.

ఊళ్లోకి వచ్చాక సెయింట్ నికొలస్ గుడి తోటలో ఒక సమాధిని వెతికి పట్టుకున్నాం. షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టి, కంపెనీ సైన్యంలో పనిచేసి, సముద్రం దాటి ఐర్లండు చేరాడు. 1794లో తన ప్రయాణాల పుస్తకం ఇంగ్లీషులో అచ్చేసుకున్నాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చేసిన మొదటి పుస్తకం అదే. లండన్‌లో హిందుస్తానీ వంటకాల హోటలు పెట్టి దివాలా తీశాడు. యాభై దాటిన ఆ వయసులో ఇంకొకరైతే మూల కూర్చునేవారు. ఈయన 1814లో బ్రైటన్ వచ్చి ఆవిరి స్నానాలు, నూనె మర్దన మొదలుపెట్టాడు. ఇద్దరు రాజులకు షాంపూయింగ్ సర్జన్ అయ్యాడు. మన ఇళ్లలో అమ్మమ్మలు ఆదివారం పూట పీట వేసి, పైసా తీసుకోకుండా, తిట్లు కలిపి మరీ చేసే తలంటుకు ఇంగ్లండు రాజుల దర్బారులో బిరుదు సంపాదించిన ఘనుడికి పాదాభివందనం. 1851 దాకా ఈ ఊళ్లోనే బతికి ఈ మట్టిలోనే కలిశాడు.

ఇంకొక విద్యార్థి కూడా ఉన్నాడు. బారిష్టరు చదువుకు లండన్ వచ్చిన తొలి ఏడాదే బ్రైటన్‌లో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాడు. వంటకాల పట్టీ ఫ్రెంచిలో ఉంది. ఏది మాంసమో ఏది కాదో తెలియక బిక్కమొహం వేశాడు. ఎదురుగా కూర్చున్న ఒక వృద్ధురాలు గమనించి, పట్టీ చదివి అర్థం చెప్పి, నువ్వు తినగలిగినవి ఇవీ అని చూపించింది. ఆ పరిచయం ఏళ్ల తరబడి సాగింది. ఆ కుర్రవాడు మోహన్‌దాస్ గాంధీ. ఆ సంగతి తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. ఒడ్డున చేపల వేపుడు కొట్లో ఇంగ్లీషు పట్టీ ముందేసుకుని, ఈ నూనెలో చేపలు వేయించారా అని కౌంటరులో అడగడానికి మొహమాటపడ్డ మా నరసరావుపేట స్నేహితురాలికి ఈ కథ చెప్పాను. ధైర్యం వచ్చి అడిగింది. అదే నూనె అన్నారు. డబ్బాలో మిగిలిన పులిహోర మొత్తం ఆమెకే వదిలేశాం. మా చేతిలోని బంగాళాదుంప ముక్కల మీద మాత్రం పైనుంచి ఒక సముద్రపు కాకి ఎప్పటినుంచో కన్నేసింది. అంత పెద్ద పక్షి అంత దగ్గరగా, అంత లెక్కలేనట్టు వచ్చి, అంత నేర్పుగా పొట్లంలోంచి ముక్క ఎత్తుకుపోవడం చూశాక దానిమీద కోపం రాలేదు. పనితనం ఎక్కడున్నా పనితనమే.

పొద్దు గుంకే వేళకు పడమటి పక్కన పాత పీయరు దగ్గరికి చేరాం. పీయరంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి ఇనప కాళ్ల మీద కట్టిన వీధి. పడవ ఎక్కడానికి మొదలై, ఊరికే నడవడానికి స్థిరపడింది. ఈ వెస్ట్ పీయరును 1866లో తెరిచారు, 1975లో మూశారు, 2003లో రెండుసార్లు కాలిపోయింది. ఇప్పుడు ఒడ్డుకు ఏ ముడీ లేకుండా నీళ్లలో నల్లటి ఇనప ఎముకలు మిగిలాయి. ఏ పనికీ రానిదాన్ని తీసేయకుండా అలా ఉంచడం మొదట నాకు విడ్డూరంగా తోచింది.

అప్పుడు వచ్చాయి. ముందు ఒక గుప్పెడు, తర్వాత ఇంకో గుంపు, ఊరి కప్పుల మీదుగా మరొకటి. స్టార్లింగులు. మన గోరింకకు దాయాదులు, ఒకే కుటుంబం పక్షులు. గుంపు గుంపులో కలుస్తూ కలుస్తూ వేలు అయ్యాయి. ఆ వేలు ఒక్కసారిగా వంగాయి. ఆకాశంలో నల్లటి ముద్ద సాగింది, చీలింది, రెండు కొసలూ తిరిగొచ్చి కలుసుకున్నాయి, పల్చబడి మాయమైనంత పనయి మళ్లీ చిక్కబడింది. ముందు నడిపించే పక్షంటూ ఉండదు. ప్రతి పక్షీ తన పక్కనున్న ఆరేడింటిని మాత్రం కనిపెట్టి ఉంటుందని, అవి మళ్లితే మళ్లుతుందని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ఆ ఒక్క నియమంతో ఇంత ఆట! రెక్కల చప్పుడు మా నెత్తి మీద నుంచి పోయినప్పుడు గాలి మొహానికి తగిలింది. చలికి తట్టుకోలేక ఉత్తరాది, తూర్పు ఐరోపా దేశాల నుంచి వచ్చినవి కూడా వాటిలో బోలెడు. ఆ నెలల్లోనే వాటి చుట్టాలు, గులాబిరంగు గోరింకలు, మన పల్నాటి జొన్నచేల మీద దిగుతాయి. కంకులు తింటాయని మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతాం. ఇక్కడ కెమెరాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పక్షిదేం మారలేదు.

కడకు మొత్తం గుంపు పైనుంచి ఒక్క ధారగా దిగి ఆ కాలిన ఇనప చట్రంలోకి ఇమిడిపోయింది. దాన్నెందుకు ఉంచారో అప్పుడు ఒప్పుకున్నాను. మనుషులకు పనికిరాకపోయినా అంతమందికి రాత్రి మకాం అది.

రైలుకు ఇంకా వ్యవధి ఉంది. తూర్పున రెండో పీయరు, 1899 నాటి ప్యాలెస్ పీయరు, అర కిలోమీటరు పొడుగునా దీపాలు వెలిగించుకుని పిలుస్తోంది. కొస దాకా పోతే అక్కడొక తిరునాళ్లే ఉంది: రంగులరాట్నాలు, బొమ్మ తుపాకులు, పీచుమిఠాయి, వేయించిన పిండి వాసన, నాణేలు మింగే యంత్రాల గోల. చెక్కల సందుల్లోంచి కింద నల్లటి నీళ్లు కనపడుతున్నాయి. తొలి ఏకాదశి రాత్రి మా ఊరి కొండ కింద ఎంత రొద ఉంటుందో అంత రొదా ఉంది, కాకపోతే చెవులు గడ్డకట్టే చలిలో.

చదువు ఫీజుల లెక్క, వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదన్న వీసా లెక్క, అన్నీ ఎరిగినవాళ్లం కాబట్టి రోలర్ కోస్టర్ టికెట్టు కొనాలా వద్దా అని అయిదు నిమిషాలు పంచాయితీ పెట్టుకున్నాం. మార్కాపురం వాడు వద్దన్నాడు. నరసరావుపేట అమ్మాయి అప్పటికే వరసలో నిలబడింది. కమ్మీ కిందికి దించి బిగించాక, బండి కీచుమంటూ పైకెక్కుతుంటే ఒక పక్క ఊరి దీపాలన్నీ, ఇంకో పక్క ఒట్టి చీకటి సముద్రం. పట్టాలు ఒక్కసారి కిందికి విరుచుకుపడ్డాయి. తలకిందులయ్యాం. ఇంగ్లండు మీద, ఇంగ్లీషు ఛానల్ మీద, ఆ ఇనప కాళ్ల మీద మా నలుగురి నోట ఒకేసారి "అమ్మోయ్!" అని వచ్చింది. మా వెనక పెట్టెలోంచి, ఎవరో ఏ ఊరివాళ్లో, "ఒరేయ్, కళ్లజోడు జాగ్రత్తరా!" అన్న కేక వినపడింది.